ఎడమ కాలి కడియం

హన్మకొండ ఎగ్జిబిషన్ల జాయింట్ వీలుకు అవతల,
మిర్చి బజ్జీల పొగ మలుపు తిరిగే కాడ
మాది ‘గడిల దయ్యం’. టికెట్ అరవై.
ఆరు డబ్బాల బండి, నూటపది అడుగుల పట్టాలు,
లీవరు నా చేతిల.

బోర్డు మీద కథ నేనే రాపిచ్చిన:
దొరసాని ఎడమ కాలి కడియం బాయిల పడ్డది.
దాని ఎంబడి వంగిన దొరసాని సుత పడ్డది.
అప్పటిసంది గడి అంత దేవులాడుతనే ఉన్నది.
మూడే ముచ్చట్లు. నలుపు మీద ఎరుపు.

దొరసాని అంటే మా ఓదెలు.
పరకాల నుంచి వచ్చిండు, మీసం తీసి తెల్లచీర కట్టిండు.
మొదటి వారం మంచిగనే ఏడ్చిండు.
రెండో వారం ఎవడో పోరడు కిసుక్కుమన్నడని
వీనికి సుత ఆగలె:
“భయపడకుండ్రి, ఇది అట్టముక్క గోడ,
గా పుర్రె ములుగు రోడ్డు దుకాణంల బేరమాడి తెచ్చింది,
రెండు నెలల జీతం రాలె, గందుకే తిరుగుతున్న!”
బండి బండంత ఇరగబడి నవ్వింది.
జానీమియా సేటు గల్లపెట్టె సప్పుడు ఇని
“గదే చెప్పు, రోజూ గదే చెప్పు” అన్నడు.

ఇగ దొరసాని ఫోను ఎత్తుడు మొదలైంది.
బాయిల కెల్లి “నల్లా బిల్లు ఎవలు కడ్తరు” అని అడుగుడు,
మూడో మలుపుల ఆగి సెల్ఫీ దిగుడు.
నవ్వులు వచ్చినయ్.
కేకలు బందైనయ్.
నవ్వినోడు రెండోసారి టికెట్ కొనలె.
అట్ట అని తెల్సినంక
అట్టకు అరవై ఎవలిస్తరు?

మా నాయిన చిందు ఆటల నవ్విచ్చే ఏషం కట్టేటోడు.
రాజు కిరీటం తగరమని,
రాణికి పొద్దుగూకితే గడ్డం మొలుస్తదని,
పటేలు ఇంకా బియ్యం పంపలేదని
నడి ఆటల నిలబడి చెప్పేటోడు.
రాజు మాత్రం ఇననట్టు అట్లనే నిలబడేటోడు.
“బిడ్డా, నవ్వెనుక నేనున్న.
రాజే నవ్విండనుకో,
తెల్లారగట్ల యుద్ధంల సచ్చేదెవలు?”

ఒకనాడు ఐనవోలు నుంచి వచ్చిన పొల్ల,
ఏడేండ్లుంటయేమో, చేతిల సగం తిన్న పీచుమిఠాయి,
బండి దిగి పోకుంట నా కాడ నిలబడ్డది.
“అక్కా, ఆమెకు రెండు కాళ్ళకు కడియాలున్నయ్ గద.
మరి దేనికి దేవులాడుతంది?”

పుర్రె ప్లాస్టిక్ అంటే ఊకున్నది.
జీతం మాటకు నవ్వి ఊకున్నది.
కడియం కాడ ఊకోలె.

జత తెచ్చింది నేనే. చౌరస్తాల, గిలిటువి.
ఒక్కటి అమ్మనన్నడు దుకాణమాయన.

ఆ రాత్రి ఓదెలు కాలికెల్లి ఒకటి ఊడవీకి
చిల్లర డబ్బాల ఏస్కున్న.
నవ్వులన్ని గేటు కాడికి తెచ్చి నేనే మైకుల చెప్తున్న:
“లోపలున్నదంత అట్టనే సార్,
దయ్యానికి జీతం బాకీ, మీ ఇష్టం!”
నవ్వుకుంట ఎక్కుతరు.
లోపల ఓదెలు ఒక్క మాట మాట్లాడడు.
మూడో మలుపుల కుచ్చిళ్ళు జర పైకెత్తి
ఉత్త ఎడమ కాలు ముంగటికి పెడ్తడు.
గంతే.
అది ఓదెలు కాలని, మడిమ పగుళ్ళకు
నేనే మైనం ఇచ్చిన్నని తెల్సి సుత
లీవరు మీద నా చెయ్యి జర ఆగుతది.

సదివేటోల్లకు ఒక్క ముచ్చట.
మీరు పట్టుకుంటరా లేదా అని
నడుమల ఒక్క కాడ కాలు మార్చి రాసిన.

పైకి పోయి సూసి వచ్చిండ్రా?
మార్చలె.
ఇగ దిగుండ్రి, జల్ది,
ఎనుక లైన్ల మంది నిలబడ్డరు.